ఫేబియన్ గొంతు గురించి ఇక చాలు

పాత హాలీవుడ్ మీద ఇష్టంతో రాసేవాళ్ల దగ్గర ఫేబియన్ పేరు ఎత్తి చూడండి. "పాట రాకుండానే సింగర్ అయిపోయిన కుర్రాడు కదా" అనే మాటే ముందు వస్తుంది. 1959లో అమెరికా టీనేజ్ అమ్మాయిలు అతన్ని చూసి కేకలు పెట్టి, స్పృహ తప్పి పడిపోయేవారు. 1960 గడిచాక అమెరికా హిట్ పాటల టాప్ 40 లిస్టులో అతని పాట ఒక్కటీ లేదు. ఆ తర్వాత సినిమాల్లో కనిపించాడు. అతని గురించి నేను చదివిన వ్యాసాలు చాలావరకు ఈ మూడు వాక్యాల దగ్గరే ఆగిపోతాయి, మధ్యలో కాస్త వెటకారం కలుపుకుని.

ఆ వెటకారం మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. ఫేబియన్ గొప్ప గాయకుడని వాదించడానికి నేనిది రాయడం లేదు. అతను గాయకుడు కాదు, ఆ మాట అతనికే అందరికన్నా ముందు తెలుసు. నేను చెప్పేది వేరు. పద్నాలుగేళ్ల పిల్లాడి చేత పాడించిన పెద్దవాళ్లను వదిలేసి, నింద మొత్తం ఆ పిల్లాడి నెత్తిన పెట్టారు. పెట్టి, అతను నిజంగా చేయగలిగిన పనిని, అంటే నటనని, ఎవరూ సరిగ్గా చూడలేదు. చూసిన ఒక్కసారీ శిక్షించారు.

ఫేబియన్ ఫోర్టే 1943 ఫిబ్రవరి 6న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. పెరిగింది దక్షిణ ఫిలడెల్ఫియాలో, ఇటాలియన్ కుటుంబాలు ఎక్కువగా ఉండే వీధుల్లో. తండ్రి పోలీసు ఉద్యోగి. ఒకరోజు తండ్రికి గుండెపోటు వచ్చింది, ఇంటి ముందుకి అంబులెన్స్ వచ్చింది. అదే సమయంలో పక్కింటికి వచ్చిన బాబ్ మార్కూచీ మెట్ల మీద కూర్చున్న కుర్రాణ్ణి చూశాడు. మార్కూచీ అంటే పీటర్ డి ఆంజెలిస్‌తో కలిసి చాన్సలర్ రికార్డ్స్ నడిపినవాడు. అప్పటికే అదే పేటకి చెందిన ఫ్రాంకీ అవలాన్‌ని సింగర్‌గా తయారుచేసుకుంటున్నాడు. పాటల వ్యాపారంలోకి వస్తావా అని అడిగాడు. కుర్రాడు మొదట వద్దన్నాడు. తర్వాత ఇంటి పరిస్థితి చూసి ఒప్పుకున్నాడు. ఫేబియన్ తనే చెప్పుకున్న కథ ఇది.

ఇందులో నన్ను పట్టి ఆపేది ఆ కుర్రాడి అందం కాదు, ఆ సమయం. తండ్రిని ఆస్పత్రికి తీసుకెళ్తున్న ఇంటి ముందు ఒక పెద్దమనిషి బేరం మొదలుపెట్టాడు. ఆ కుర్రాడు పాడగా మార్కూచీ వినలేదు. వినాలని కూడా అనుకోలేదు. అతనికి కావలసింది ఎల్విస్ ప్రెస్లీలాంటి జుట్టు, అప్పటి కుర్ర పాప్ స్టార్ రికీ నెల్సన్‌లాంటి మొహం. గొంతు సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాడు. సంగీతం మాస్టార్లను పెట్టాడు, నడక నేర్పించాడు, బట్టలు ఎంచాడు. మొదటి రికార్డులు ఎవరూ కొనలేదు. అయినా వదల్లేదు. ఫేబియన్ ఎవరు, ఫేబియన్ వస్తున్నాడు అంటూ పత్రికల్లో ప్రకటనలు వేయించాడు. 1959 వచ్చేసరికి డాక్ పోమస్, మోర్ట్ షూమన్ లాంటి మంచి రచయితలు రాసిన పాటలు అతనికి దొరికాయి. "టర్న్ మీ లూజ్" బిల్‌బోర్డ్ పత్రిక హిట్ పాటల లిస్టులో తొమ్మిదో స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది "టైగర్" మూడో స్థానానికి ఎక్కింది. అప్పటికి అతనికి పదహారేళ్లు.

ఇదంతా జరగడానికి ఫిలడెల్ఫియా కన్నా అనువైన ఊరు అమెరికాలో లేదు. డిక్ క్లార్క్ నడిపిన "అమెరికన్ బ్యాండ్‌స్టాండ్" ఆ ఊరి స్టూడియో నుంచే వచ్చేది. 1957 ఆగస్టు నుంచి ఏబీసీ టీవీ నెట్‌వర్క్ దాన్ని దేశమంతా చూపించింది. స్కూలు అయిపోయి పిల్లలు ఇంటికొచ్చే వేళకి టీవీలో అది ఉండేది. ఆ షోలో పాడేవాళ్లు నిజంగా పాడరు. రికార్డు వేస్తారు, వాళ్లు పెదవులు కలుపుతారు. గొప్ప గొంతున్నవాళ్లకీ అదే పద్ధతి. అలాంటి చోట ముందుగా గెలిచేది కెమెరా మెచ్చే మొహమే. ఆటకి ఆ నియమం పెట్టింది టీవీ, దాన్ని వాడుకుంది రికార్డు కంపెనీ. ఆ నియమం ప్రకారం ఆడిన కుర్రాడు మాత్రం దొంగ అయ్యాడు.

తెలుగు సినిమా చూస్తూ పెరిగిన నాకు ఈ నింద ఇంకా వింతగా అనిపిస్తుంది. ఎన్టీఆర్ పెదవుల మీద ఘంటసాల పాట వింటే మనకెవరికీ మోసం అనిపించదు. తొలి టాకీల రోజుల్లో నటులే పాడుకునేవాళ్లు. ప్లేబ్యాక్ వచ్చాక గొంతు ఒకరిది, మొహం ఒకరిది అయింది. ఇద్దరి పేర్లూ తెర మీద వేశాం, ఇద్దరినీ మెచ్చుకున్నాం. అమెరికాలో ఆ ఏర్పాటుని ఒప్పుకోలేదు. గొంతు, మొహం ఒకే మనిషివి కావాలి, అదీ రికార్డు మీద మచ్చ లేకుండా వినపడాలి. అందుకే ఎకో పెట్టి, ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించి ఆ గొంతును నిలబెట్టారన్న మాట బయటికి పొక్కగానే అదొక కుంభకోణం అయింది. తెర మీద కనిపించడం ఒక విద్య, పాడటం వేరే విద్య అని మనకి ఎప్పుడో తెలిసినది అక్కడ ఒప్పుకుని ఉంటే, ఫేబియన్‌ని సింగర్ అనకుండా మొదటి నుంచీ నటుడనే పిలిచేవారు.

అదే సమయంలో పేయోలా గొడవ నడుస్తోంది. పాటలు వేయడానికి రేడియో డిస్క్ జాకీలు లంచాలు తీసుకుంటున్నారని అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణ చేసింది. 1960లో డిక్ క్లార్క్ ఆ కమిటీ ముందు కూర్చున్నాడు. సంగీతం కంపెనీల్లో తన వాటాలు వదులుకుని బయటపడ్డాడు. రాక్ అండ్ రోల్‌కి పేరు తెచ్చిన డిస్క్ జాకీ అలన్ ఫ్రీడ్ మాత్రం కోలుకోలేదు. ఆ గాలిలో రాక్ అండ్ రోల్ అంతా బూటకమే అని చెప్పదలచుకున్నవాళ్లకి ఒక బొమ్మ కావాలి. ఫేబియన్ కన్నా సులువైన బొమ్మ దొరకదు. పాపం తలా పిడికెడు పంచుకోవాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. అందరి వాటా ఒక మైనరు కుర్రాడి పేరు మీద రాసేశారు.

ఇక సినిమాల దగ్గరికి వస్తాను. నేను రాయాలనుకున్నది అసలు వీటి గురించే.

టీవీ దెబ్బకి థియేటర్లకి వచ్చే జనం తగ్గిపోయిన రోజులవి. ఇంట్లో కూర్చోకుండా బయటికి వచ్చి టికెట్ కొనేది టీనేజ్ పిల్లలే. దాంతో స్టూడియోలు ఒక పద్ధతి కనిపెట్టాయి. పెద్దవాళ్ల కోసం వెస్టర్న్ సినిమాల హీరో జాన్ వేన్‌ని పెట్టు, పిల్లల కోసం ఒక పాప్ సింగర్‌ని పక్కన నిలబెట్టు. 1959లో "రియో బ్రావో"లో రికీ నెల్సన్‌ని అలాగే పెట్టారు. మరుసటి ఏడు "ది అలమో"లో ఫ్రాంకీ అవలాన్, "నార్త్ టు అలాస్కా"లో ఫేబియన్. ముగ్గురి పక్కనా జాన్ వేనే. దీన్ని బట్టి ఆ పాత్రలు ఎందుకు రాశారో తెలుస్తుంది. టికెట్లు తెగడానికి రాసిన పాత్రల్లో నటనకి చోటు ఎంత ఉంటుందో చూసేవాళ్లకి తెలుసు.

అయినా మొదటి సినిమానే చూడండి. 1959లో ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ తీసిన "హౌండ్ డాగ్ మ్యాన్". దర్శకుడు డాన్ సీగెల్, తర్వాత "డర్టీ హ్యారీ" తీసిన అతనే. పల్లెటూరి కుర్రాడి పాత్ర, వేటకుక్కలు, అడవి, ఊరి డాన్సు. ఎడిటర్ గదిలో పని నేర్చుకున్న సీగెల్ లాంటి దర్శకుడికి ఎక్కడ కట్ చేస్తే కొత్త నటుడు తేలిగ్గా కనిపిస్తాడో బాగా తెలుసు. ఫేబియన్ డైలాగులు కొన్నిచోట్ల అప్పజెప్పినట్టే ఉంటాయి, దాన్ని దాచను. కానీ ఎదుటివాడు మాట్లాడుతుంటే వినేటప్పుడు బాగుంటాడు. వినడం చాలామంది కొత్త నటులకి రాదు, తమ వంతు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తుంటారు. అతను నిజంగా వింటున్నట్టు కనిపిస్తాడు. పదహారేళ్లకి అది చిన్న విషయం కాదు.

హెన్రీ హాథవే తీసిన "నార్త్ టు అలాస్కా"లో స్టీవర్ట్ గ్రేంజర్‌కి తమ్ముడిగా, నటి కపూసీన్‌ని చూసి మతిపోగొట్టుకునే కుర్రాడిగా వేశాడు. నవ్వించే పాత్ర. బాగానే చేశాడు, అంతకుమించి అందులో చేయడానికీ ఏమీ లేదు. బ్లేక్ ఎడ్వర్డ్స్ తీసిన "హై టైమ్"లో బింగ్ క్రాస్బీ పక్కన కాలేజీ కుర్రాడు. దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

అసలైనది 1961 డిసెంబర్ 3న ఏబీసీలో వచ్చింది. సినిమా కాదు, "బస్ స్టాప్" అనే సీరియల్‌లో ఒక ఎపిసోడ్. పేరు "ఎ లయన్ వాక్స్ అమాంగ్ అస్". దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్. అప్పటికి టీవీ ఎపిసోడ్లు తీసి బతుకుతున్న దర్శకుడు. "మ్యాష్" వచ్చి పేరు మోగడానికి ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. ఫేబియన్‌ది ఊళ్లు పట్టుకు తిరిగే ఒక దిమ్మరి పాత్ర. చిన్న ఊరికి వస్తాడు, కిరాణా కొట్టు నడుపుకునే ముసలాయన్ని చంపుతాడు. కోర్టులో తప్పించుకుంటాడు. ఆ తర్వాత మళ్లీ చంపుతాడు. పశ్చాత్తాపం లేదు, చిన్నప్పుడు ఇలా జరిగింది కాబట్టి ఇలా అయ్యాడు అనే సానుభూతి కథ కూడా లేదు.

ఆల్ట్‌మన్ చేసిన తెలివైన పని ఏమిటంటే, అమ్మాయిలు పోస్టర్లలో చూసి మురిసిపోయిన ఆ మొహాన్నే, ఆ నవ్వునే తీసుకుని దాన్ని భయపెట్టేదిగా మార్చడం. పేరున్న ఏ విలన్‌ని పెట్టినా ఆ పని జరగదు, ఎందుకంటే విలన్ నవ్వితే చూసేవాడు ముందే జాగ్రత్త పడతాడు. ఫేబియన్ నవ్వితే దేశం మొత్తం నమ్మడం అలవాటు చేసుకుంది. ఆ నమ్మకాన్ని ఒక నటుడు తన చేతులతో తీసుకెళ్లి దర్శకుడికి అప్పగించాలి. తన వ్యాపారానికి పెట్టుబడి ఆ నవ్వే అని తెలిసీ ఇవ్వాలి. పద్దెనిమిదేళ్లకి అతను ఇచ్చాడు. నటుడంటే ఎవరు అని నన్ను అడిగితే నేను చూపించేది ఇలాంటి నిర్ణయాన్నే. గొంతు పలికే తీరు, డైలాగు విరుపు తర్వాత నేర్చుకోవచ్చు.

ఏం జరిగిందో చూడండి. ప్రసారానికి ముందే స్పాన్సర్లు తప్పుకున్నారు. చాలా ఊళ్లలో ఏబీసీ అనుబంధ స్టేషన్లు దాన్ని వేయడానికి ఒప్పుకోలేదు. వేసిన చోట తిట్లు వచ్చాయి. టీవీలో హింస గురించి సెనేట్ జరిపిన విచారణలో ఈ ఎపిసోడ్‌ని ముందు పెట్టి ఏబీసీ అధ్యక్షుడు ఆలివర్ ట్రెయిజ్‌ని నిలదీశారు. 1962లో అతని పదవి పోయింది. "బస్ స్టాప్" ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. టీవీ అంతా బీడు భూమిగా తయారైందని ప్రసారాలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఛైర్మన్ న్యూటన్ మినో ఆ ఏడాది మే నెలలోనే ఘాటుగా మాట్లాడి ఉన్నాడు కాబట్టి, సెనేటర్లకి చేతికి దొరికిన ఉదాహరణ ఇదైంది. కొందరి వాదనలో ఒక మాట నన్ను ఆలోచింపజేస్తుంది. పిల్లలు ఆరాధించే మనిషిని హంతకుడిగా చూపించడమే ఎక్కువ ప్రమాదం అన్నారు. ఆ ఆందోళనను నేను కొట్టిపారేయను. టీవీ ముందు చిన్నపిల్లలు ఉంటారు. కానీ అదే పిల్లలకి అదే మనిషిని రెండేళ్లపాటు లేని గొంతుతో అమ్మినప్పుడు ఈ పెద్దలు అడిగింది పేయోలా లంచాల గురించే, ఆ కుర్రాడి గురించి కాదు.

ఆల్ట్‌మన్‌కి ఈ గొడవ చివరికి చెరుపు చేయలేదు. వ్యవస్థని ఎదిరించిన దర్శకుడిగా అతని కథలో ఇదొక మంచి అధ్యాయం అయింది. ఫేబియన్ కథలో మాత్రం ఇది ఫుట్‌నోట్. రెండు పేర్లూ ఒకే పనిలో ఉన్నప్పుడు ధైర్యం దర్శకుడి ఖాతాలోకి, నింద మాత్రం నటుడి ఖాతాలోకి వెళ్లడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

బాబీ డారిన్‌ని పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. డారిన్ కూడా 1958లో పిల్లల పాటతోనే పైకి వచ్చాడు. తర్వాత "మాక్ ద నైఫ్"తో గ్రామీ కొట్టి పెద్దవాళ్ల మెప్పు కూడా సంపాదించాడు. 1962లో "ప్రెషర్ పాయింట్"లో సిడ్నీ పోయిటియర్‌కి ఎదురుగా జైల్లో ఉన్న నాజీ అభిమానిగా నటించాడు. అసహ్యం పుట్టించే పాత్ర. ఎవరూ సెనేట్‌కి వెళ్లలేదు. ఆ వెంటనే "కెప్టెన్ న్యూమన్, ఎం.డి."లో సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. డారిన్ అర్హుడే, అందులో నాకు సందేహం లేదు, నటుడిగా ఫేబియన్ కన్నా చాలా మెట్లు పైన ఉన్నాడు. కానీ అతని ప్రతి కొత్త అడుగునీ విమర్శకులు కుతూహలంతో చూశారు. ఎందుకంటే అతనికి గొంతు ఉందని ముందే తేల్చుకున్నారు. ఫేబియన్‌కి ఆ కుతూహలం ఎప్పుడూ దక్కలేదు. పాటకి ఇచ్చిన మార్కులే నటన పేపర్ మీద కూడా వేసేశారు.

1962లో వచ్చిన సినిమాల్లో అతనికి పని దండిగానే ఉంది. "మిస్టర్ హాబ్స్ టేక్స్ ఎ వెకేషన్"లో జేమ్స్ స్టీవర్ట్ కూతురి వెంట తిరిగే మంచి కుర్రాడు. రెండో ప్రపంచ యుద్ధం సినిమా "ది లాంగెస్ట్ డే"లో నార్మండీ కొండ ఎక్కే అమెరికన్ రేంజర్ సైనికుడు. ఆ రేంజర్ల గుంపులో పాల్ ఆంకా, టామీ శాండ్స్ కూడా ఉన్నారు. ముగ్గురు పాప్ సింగర్లని ఒకే దండులో ఎందుకు పెట్టారో నేను మళ్లీ చెప్పక్కర్లేదు. మార్కూచీతో ఒప్పందాన్ని అప్పటికి డబ్బు కట్టి వదిలించుకున్నాడు. ఆ రోజుల్లో తను ఇంకొకరి చేతిలో తోలుబొమ్మలా ఉన్నానని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. స్వేచ్ఛ వచ్చింది గానీ ఆల్ట్‌మన్ ఇచ్చిన లాంటి పాత్ర మళ్లీ రాలేదు.

1965లో వచ్చిన "టెన్ లిటిల్ ఇండియన్స్" చూస్తున్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. పది మంది ఒక ఇంట్లో చిక్కుకుంటారు, ఒక్కొక్కరే చనిపోతారు. ఫేబియన్ పాత్ర ఒక పాప్ సింగర్. పియానో ముందు కూర్చుని పాట పాడతాడు, గ్లాసు ఎత్తి తాగుతాడు, విషంతో పడిపోతాడు. అందరికన్నా ముందు చచ్చిపోయేది అతనే. ఆ పాత్రని అతనికి ఎవరు ఏ ఉద్దేశంతో ఇచ్చారో గానీ, పరిశ్రమ అతన్ని ఏ లెక్కలో పెట్టుకుందో అందులో కనిపిస్తుంది. అయినా చూడండి, ఆ కాసేపట్లో అతను ఆ సింగర్‌కి ఒక పొగరు, లెక్కలేనితనం ఇచ్చి, చూసేవాడికి వాడి మీద చిరాకు పుట్టించాడు. తన పాత పేరునే తను నటించి చూపించాడు.

తర్వాత అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వాళ్ల సినిమాలు. కారు రేసులు, బీచ్‌లు, తుపాకులు. "ఫైర్‌బాల్ 500", "థండర్ అల్లే", "ది డెవిల్స్ ఎయిట్". 1970లో "ఎ బుల్లెట్ ఫర్ ప్రెటీ బాయ్"లో బ్యాంకు దొంగ ప్రెటీ బాయ్ ఫ్లాయిడ్‌గా చేశాడు. తక్కువ ఖర్చుతో హడావుడిగా తీసిన సినిమా అది. అందులో అలిసిపోయిన ఒక మనిషి కనిపిస్తాడు, అది పాత్ర అలసటా అతని అలసటా అని విడదీసి చెప్పలేను. ఇరవై ఏడేళ్లకే తెర మీద అతను పెద్దవాడైపోయాడు. ఈ సినిమాలన్నీ గొప్పవని నేననను. వీటిలో సగం మీకు చూడమని కూడా చెప్పను. కానీ అవి మంచి పాత్రలు దొరకని నటుడి సినిమాలు. నటించడం రాని మనిషి సినిమాలు కావు. ఈ రెంటికీ తేడా చూడకపోవడమే ఫేబియన్ గురించి రాసేవాళ్లు చేస్తున్న తప్పు.

నేను చెప్పినదానికి ఎదురు వాదన ఒకటి ఉంది, అది బలమైనదే. అదే దక్షిణ ఫిలడెల్ఫియాలో, అదే కాలంలో నిజంగా ప్రతిభ ఉన్న పిల్లలు ఉన్నారు. ఫ్రాంకీ అవలాన్ చిన్నప్పటి నుంచే ట్రంపెట్ వాయించాడు. బాబీ రైడెల్ డ్రమ్స్ వాయించేవాడు, మిమిక్రీ చేసేవాడు, శుభ్రంగా పాడేవాడు. అంతకన్నా ముఖ్యం, ఆ ఊళ్లోనే గొప్పగా పాడే నల్లజాతి కుర్రాళ్లు వీధి మూలల్లో గుంపులుగా పాడుతుంటే, రికార్డు కంపెనీలు తెల్ల మొహం కోసం వెతుక్కున్నాయి. ఫేబియన్‌కి దక్కిన చోటు ఇంకెవరికో దక్కాల్సింది కదా అంటే, అవును. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా ఒకటే, ఆ చోటు ఎవరికి ఇవ్వాలో తేల్చిన బల్ల దగ్గర ఫేబియన్ కూర్చోలేదు.

1980లో మార్కూచీ కుర్రాళ్లను స్టార్లుగా తయారుచేసిన కథనే సినిమాగా తీశారు, పేరు "ది ఐడల్‌మేకర్". టేలర్ హాక్‌ఫోర్డ్‌కి దర్శకుడిగా మొదటి చలనచిత్రం. కథానాయకుడు మేనేజర్, రే షార్కీ ఆ పాత్రకి గోల్డెన్ గ్లోబ్ గెలిచాడు. మార్కూచీ ఆ సినిమాకి సలహాదారుగా పనిచేశాడు. అందులో సీజరే అనే అందమైన కుర్రాడు ఉంటాడు. పాడటం రాదు, చెప్పినట్టు ఊగుతాడు. ఆ పాత్ర ఎవరిదో అమెరికాలో చూసినవాళ్లందరికీ అర్థమైంది. పిల్లాణ్ణి మెట్ల మీద నుంచి లేపి తీసుకెళ్లిన మనిషి ఇరవై ఏళ్ల తర్వాత ఆ కథలో కూడా హీరో అయ్యాడు. ఫేబియన్ ఈసారి ఊరుకోలేదు, కోర్టుకి వెళ్లాడు. ఆ కేసు రాజీతో ముగిసింది. 1985లో అవలాన్, రైడెల్‌తో కలిసి "గోల్డెన్ బాయ్స్" పేరుతో అతను మళ్లీ వేదిక ఎక్కాడు. ఈసారి పెదవులు కలపడానికి రికార్డు లేదు, వెనక బ్యాండు ఉంది, పాట తనే పాడాడు. ఏళ్ల తరబడి పాడుతూనే వచ్చాడు, జనం టికెట్ కొని వస్తూనే ఉన్నారు.